నాయిన బువ్వ బందు పెట్టి జొన్నరొట్టె తింటున్నడు, అయినా షుగర్ దిగుతలేదు, ఎందుకు?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ నాయినకు 54 ఏండ్లు, పరకాల దిక్కు పత్తి వ్యవసాయం, షుగర్ వచ్చి మూడేండ్లు, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా వేసుకుంటున్నడు, పొద్దుగాల గ్లిమిపిరైడ్ ఒకటి. నాలుగు నెలల సంది బువ్వ ముట్టకుండ రెండు పూటలా జొన్నరొట్టెనే తింటున్నడు, అయినా మొన్న జూన్‌ల చేపిస్తే హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్టు 8.9 వచ్చింది, అంతకుముందు 8.6 ఉండె. ఇగ ఆయన "బువ్వ ఇడిసిపెట్టినా తగ్గకపాయె, ఈ గోళీలే పనిచేస్తలేవు" అని గోళీలు ఆపి ఎవరో ఇచ్చిన పొడి తాగుత అంటున్నడు, నువ్వేమో హైదరాబాద్‌ల ఉండి ఫోన్‌ల కొట్లాడుతున్నవ్. డైట్ చార్ట్ ఉంటే పంపమన్నవ్.

సూటిగ చెప్తున్న: జొన్నరొట్టెల తప్పు లేదు, ఎన్ని తింటున్నడు, దాంతోటి ఏం తింటున్నడు అన్నకాడనే ఉన్నది. గోళీలు మాత్రం ఒక్క రోజు కూడా ఆపనియ్యకు. చార్ట్ నేను పంప. నేను హన్మకొండల షుగర్ క్లినిక్‌ల 22 ఏండ్ల సంది నర్సుగ చేస్తున్న, వచ్చినోళ్ళకు తిండి, సూది, కాళ్ళ జాగ్రత్తలు చెప్పుడే నా పని, ఇన్నేండ్లల్ల చార్ట్ చూసుకుంట తిన్న రైతును నేను ఒక్కర్ని కూడా చూడలే. ఫ్రిజ్ మీద అతికించుకుంటరు, వారం దాటినంక అటు చూడరు. డాక్టర్ను కాదు కాబట్టి మందు డోసు సంగతి చెప్ప, మిగిలిందంతా చెప్త.

ముందు రొట్టె లెక్క చూద్దాం. జొన్నపిండిల వంద గ్రాములకు దాదాపు 68 గ్రాములు పిండి పదార్థమే ఉంటది, బియ్యంల 78 దాకా ఉంటది. తేడా ఉన్నది గని మనోళ్ళు అనుకునేంత లేదు. జొన్నల పీచు ఎక్కువ, బియ్యంల మూడు గ్రాములు కూడా ఉండదు, జొన్నల పది గ్రాములు ఉంటది, అందుకే రక్తంలకు జర నిమ్మళంగ ఎక్కుతది, కడుపు కూడా ఆగుతది. మంచిదే. కాని ఊళ్ళె చేసే రొట్టె ఎంత ఉంటది? పెనం నిండ ఉంటది. ఒక్కోదానికి 50, 60 గ్రాముల పిండి పడుతది, అంటే ఒక్క రొట్టెల 37 గ్రాముల దాకా పిండి పదార్థం. మీ నాయిన పూటకు నాలుగు తింటడని నువ్వే రాసినవ్, అంటే దగ్గర దగ్గర 150 గ్రాములు. ఒక కప్పు అన్నంల 40 గ్రాముల చిల్లర ఉంటది, అంటే ఆయన పూటకు మూడున్నర కప్పుల బువ్వ తిన్నట్టే లెక్క, బువ్వ మానేసిన అన్న పేరే గని. పైంగ అందులకు ఆలుగడ్డ కూర అన్నవ్, అది కూడా పిండే కదా. పొలం కాడ, హోటల్ కాడ రోజుకు ఐదారు చాయలన్నవ్, ఒక్కో చాయల రెండు చెంచాల చక్కెర అనుకున్నా ఐదు చాయలకు పది చెంచాలు, నలభై గ్రాముల పైనే అయితది. ఆయనను తిట్టకు. ఆయన నిజంగనే త్యాగం చేసిండు, ఇష్టమైన బువ్వ నాలుగు నెలలు ముట్టలేదు, అది చిన్న ముచ్చట కాదు. ఆయనకు లెక్క చెప్పినోళ్ళే లేరు.

ఇంకో సంగతి, దీన్ని చానామంది పట్టించుకోరు. హెచ్‌బీఏ1సీ అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు, 8.9 అంటే షుగర్ సగటున 209 దగ్గర తిరిగినట్టు. మీరు టెస్టు చేపించింది జూన్‌ల. అంటే అది ఏప్రిల్, మే నెలల లెక్క. పత్తి రైతుకు ఆ రెండు నెలలు పనేముంటది? పత్తి ఏరుడు ఎప్పుడో అయిపోయింది, ఎండకు బయటికి పోరాదు, చెట్టుకింద మంచమేసుకొని పండుకునుడే. పత్తి ఏరేటప్పుడు పొద్దంతా నడిచే మనిషికి సరిపోయిన తిండే ఆ పండుకున్న నెలల్ల కూడా తింటే షుగర్ ఎక్కకుండ ఎట్లుంటది? నాకు ప్రతి ఏడు జూన్, జూలైల వచ్చే రైతుల రిపోర్టులు సంక్రాంతికి వచ్చేటియ్యి కంటె ఎక్కువే కనపడుతయ్. గోళీలు పనిచేస్తలేవు అనేముందు ఇది చూడాలె.

ఇగ చార్ట్‌కు బదులు చేసేది ఇది. ఒక షుగర్ మిషన్ కొనియ్యి, ఇంట్ల ఉంటే మంచిదే. నాలుగు రొట్టెలు, ఆలుగడ్డ కూర, ఆయన రోజూ ఎట్ల తింటడో అట్లనే ఒక రోజు తిననియ్యి. తినేముందు ఒకసారి చూడాలె, మొదటి ముద్ద పెట్టుకున్న కాడికెళ్ళి సరిగ్గ రెండు గంటలకు మళ్ళ ఒకసారి చూడాలె. రెండూ కాగితం మీద రాయాలె. ఇంకో రోజు అదే పూటకు రెండు రొట్టెలు, పెద్ద గిన్నె నిండ బీరకాయనో చిక్కుడుకాయనో తోటకూరనో, గిన్నెడు గట్టి పప్పు లేకుంటే రెండు గుడ్లు, కొంచెం పెరుగు. కూర, పప్పు సగం ముందు తిని అటెనుక రొట్టె అందుకోవాలె, తిన్నంక పదిహేను నిమిషాలు వాకిట్లనో బాట మీదనో నడవాలె. మళ్ళ అట్లనే ముందు, వెనుక చూసి రాయాలె.

నర్సంపేట దిక్కు ఒక మిర్చి రైతు ఉండె, మీ నాయిన లెక్కనే మొండి మనిషి, నేను చెప్తుంటే కిటికీల కెళ్ళి బయటికి చూసెటోడు. ఆయనతోని ఇదే చేపించిన. మొదటి రోజు తినకముందు 148, తిన్నంక 291. మూడో రోజు రెండు రొట్టెలు, కూర, నడక, ముందు 141, తిన్నంక 196. ఆ కాగితం పట్టుకొని ఆయనే వచ్చిండు, "అమ్మా, ఇది నా రక్తమే చెప్తున్నది కదా" అన్నడు. నేను రెండేండ్లు చెప్పినా ఎక్కనిది రెండు రోజుల్ల ఎక్కింది. అప్పటి సంది నేను ఎవ్వరికైనా ముందు ఇదే చెప్తున్న. మామూలుగ పెద్దోళ్ళకు పరిగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండాలంటరు, బాగ ముసలోళ్ళకు, వేరే జబ్బులున్నోళ్ళకు డాక్టర్లు జర వదులుగ పెడుతరు.

మిషన్ వాడేటప్పుడు చేతులు కడిగి తుడుచుకొనే చూడాలె. మామిడిపండు తిన్న చేత్తో చూసుకొని 380 వచ్చిందని రాత్రి పది గంటలకు ఆగమాగమై ఫోన్ చేసినోళ్ళున్నరు, కడుక్కొని చూస్తే 170. వేలి కొసకు పొడవొద్దు, పక్కకు పొడిస్తే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బ మూత తీసిపెట్టి ఉంచొద్దు, తేమకు ఖరాబైతయ్.

పైలం, ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. రొట్టెలు నాలుగు నుంచి రెండుకు దించుతున్నప్పుడు గ్లిమిపిరైడ్ అదే డోసు నడుస్తుంటే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ, గ్లిమిపిరైడ్ అట్ల కాదు, అది తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ను బయటికి తోస్తనే ఉంటది. అందుకే తిండి మార్చేముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పుండ్రి, "తిండి సగం చేస్తున్నం, గోళీ సంగతి చూడుండ్రి" అని. ఒక పెద్దమ్మ ఉండె మా దగ్గర, శనివారం ఒక్కపొద్దు. పొద్దుగాల గోళీ వేసుకున్నది, మాపటిదాక ఏం తినలే, నాలుగింటికి చెమటలు, వణుకు, మాట తడబడుడు. ఇంటోళ్ళు గాలి సోకిందనుకొని తాయత్తు కోసం ఉరికిండ్రు. దవఖానకు తెచ్చేసరికి షుగర్ 38. బతికింది, కాని గంట ఆలస్యమైతే ఏమయ్యేదో. 70 కంటె కిందికి వస్తే షుగర్ పడిపోయినట్టే. చెమట, గుండె దడ, వణుకు, కండ్లు బైర్లు కమ్ముడు, ఊకె కోపం వచ్చుడు, ఇవి కనపడంగనే మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజ్ పొడో నీళ్ళల్ల కలిపి తాగాలె, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళ చూడాలె, తక్కువే ఉంటే మళ్ళ అంతే తాగాలె, అటెనుక కొంచెం అన్నమో రొట్టెనో తినాలె. సోయి తప్పిన మనిషి నోట్ల మాత్రం ఏం పొయ్యొద్దు, వెంటనే 108కు చెయ్యాలె. మీ నాయిన పొలానికి పోయేటప్పుడు జేబుల చక్కెర పొట్లం ఎప్పుడూ ఉండాలె, ఒక్కడే ఉంటడు కదా. కల్లు తాగే అలవాటుంటే ఇంకా పైలం, ఏమీ తినకుండ తాగి ఈ గోళీ వేసుకుంటే రాత్రి పడిపోతది, పక్కనోళ్ళు నిషా అనుకొని వదిలేస్తరు.

ఆ పొడి సంగతి. నేరేడు గింజలు, కాకరకాయ, పొడపత్రి, మెంతులు, వీటిల్ల కొంచెం గుణం లేదని నేను అన. మెంతులు నానబెట్టి తింటే పీచు వల్ల జర మేలే చేస్తది, తిననియ్యి. కాని ఊరు పేరు లేని ప్యాకెట్ల పొడి వేరే ముచ్చట. అట్లాంటి పొడుల్ల కొన్నిట్ల ఇంగ్లీషు గోళీలే నూరి కలిపినట్టు పరీక్షల్ల బయటపడ్డది, ఎంత డోసు కలిపిండ్రో ఎవ్వరికీ తెలువది, అందుకే మొదట్ల "బాగ పనిచేస్తున్నది" అనిపిస్తది. గోళీలు ఆపి పొడి మీద ఉండి నెల తర్వాత 480, 500తోని వచ్చినోళ్ళను నేను ఎంతమందినో సూదులు పెట్టి పండబెట్టిన. మీ నాయిన గోళీలు పనిచేస్తలేవని ఎట్ల తెలుస్తది? తిండి లెక్క సరిచేసి మూడు నెలలు చూసినంక తెలుస్తది. అప్పటికీ దిగకపోతే మందు మార్చుడో పెంచుడో డాక్టర్ చేస్తరు. ఇంకోటి, మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడెటోళ్ళకు బీ12 విటమిన్ తగ్గుతది, కాళ్ళల్ల తిమ్మిర్లకు అది కూడా కారణం కావచ్చు, కాబట్టి ఏడాదికో రెండేండ్లకో ఆ టెస్టు అడిగి చేపియ్యి.

బువ్వ మళ్ళ తినొచ్చా అంటవేమో. తినొచ్చు. నా మాట అడిగితే మధ్యాహ్నం ఒక కప్పు బువ్వ తిననియ్యి, లేకుంటే ఆ బెంగతోనే ఏదో ఒక రోజు రెండు కంచాలు లాగిస్తడు. తెలంగాణ సోనా, మన రైతులు ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనేది, దానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నంక షుగర్ ఎంత తొందరగ ఎక్కుతదో చెప్పే అంకె) 51 దగ్గర ఉంటదని షుగరోళ్ళ బియ్యం అని అమ్ముతున్నరు. మంచి రకమే, దొరికితే అదే వండుకోండ్రి, కాని షుగర్ బియ్యం కదా అని రెండింతలు తింటే మళ్ళ జొన్నరొట్టె కథే. మక్క గట్క అయినా, రాగి అంబలి అయినా ఇదే లెక్క. అంబలి మరీ పైలం, పలుచగ తాగేది కాబట్టి తొందరగ ఎక్కుతది, రాగులు మంచియని పెద్ద చెంబెడు తాగి మా దగ్గరికి 260తో వస్తరు.

పండుగల గురించి నువ్వు అడుగలే గని చెప్పాలె, ఎందుకంటే మన దిక్కు షుగర్ చెడేది అక్కడ్నే. బతుకమ్మకు మలీద, సత్తుపిండి ముద్దలు, అన్నిట్ల బెల్లమే. బెల్లం దేశవాళీది, చక్కెర కాదు కదా అంటరు, రక్తంలకు పోయినంక రెండూ ఒకటే. మేడారం పోతే అమ్మవార్లకు ఎత్తు బంగారం, అంటే మన ఎత్తు బెల్లం, ఇస్తం, ప్రసాదం కండ్లకద్దుకోకుండ ఎట్లుంటం, చిటికెడు నోట్ల వేసుకొని మిగిలింది పిల్లలకు పంచితే సమ్మక్క తల్లి ఏం కోపం చేసుకోదు. సంక్రాంతికి వచ్చేసరికి ఇంకో మోసం, సకినాలు. తీపి కాదు కాబట్టి షుగరోళ్ళు తినొచ్చు అనుకొని డబ్బ ముందట పెట్టుకొని కూసుంటరు. అది మొత్తం బియ్యప్పిండి, నూనె. సర్వపిండి కూడా అంతే. మానమని నేను ఎవ్వరికీ చెప్ప, మా ఇంట్ల కూడా చేస్తం. రెండు సకినాలు తింటే ఆ పూట ఒక రొట్టె తగ్గియ్యాలె. చాయల మాత్రం చక్కెర తియ్యాల్సిందే. ఒక్కసారే తీస్తే వారంల మళ్ళ మొదలుపెడుతరు, రెండు చెంచాల నుంచి ఒకటి, పదిహేను రోజులాగి అర, అట్ల దించితే నెలకు నాలుకే మారుతది.

ఇగ కాళ్ళు. ఇది నేను అందరికంటె ఎక్కువ చెప్త, దానికి కారణం ఉన్నది. మా నాయిన కూడా పత్తి రైతే. కట్టె కొట్టినంక చేనుల మోళ్ళు ఎట్ల నిలబడి ఉంటయో నీకు తెలుసు. ఉత్త కాళ్ళతోటి పోయిండు, మోడు గుచ్చుకున్నది, షుగర్ వల్ల కాళ్ళు మొద్దుబారి ఉన్నయ్, నొప్పే తెలువలే. వారం రోజులు అట్లనే పనిచేసిండు. మా అమ్మ పక్కబట్టకు చీము అంటింది చూసి అడిగితే అప్పుడు చూసుకున్నడు. మోకాలి కింద దాక తియ్యాల్సి వచ్చింది. అప్పటికి నేను నర్సు ట్రైనింగ్‌ల ఉన్న, షుగర్ పుండ్ల గురించి పుస్తకంల చదువుకుంట ఉన్న, ఇంటికాడ నాయిన కాళ్ళు ఎన్నడూ తిప్పి చూడలే. అందుకే చెప్తున్న, మీ అమ్మకు చెప్పు, రోజూ రాత్రి పండుకునేముందు ఆయన రెండు పాదాలు, వేళ్ళ సందులు వెలుతుర్ల చూడాలె. బొబ్బ, పగులు, గీత, రంగు మారుడు, ఏదున్నా తెల్లారి దవఖానకు పోవాలె, పసుపు పెట్టి ఊకోవద్దు. చేనుల ముందు మూసి ఉన్న చెప్పులో బూట్లో వేసుకోవాలె, వేసుకునేముందు లోపల చెయ్యిపెట్టి రాయి గీయి ఉన్నదా చూడాలె. తిమ్మిర్లు పోతయని వేడినీళ్ళల్ల కాళ్ళు పెడుతరు, కాలినా తెలువది, అది బందు చేపియ్యి. సిగరెట్టో బీడీనో తాగితే కాళ్ళకు రక్తం పోయే నరాలు ఇంకా మూసుకపోతయ్, అది ఆపాల్సిందే.

ఏడాదికోసారి కండ్ల పరీక్ష, చుక్కలు వేసి వెనుక పొర చూసేది, చూపు బాగనే ఉన్నా చేపియ్యాలె. మూత్రంల అల్బుమిన్, రక్తంల క్రియాటినిన్ (ఈ రెండూ కిడ్నీల కోసం), కొలెస్ట్రాల్ కూడా. బీపీ ప్రతిసారి చూపియ్యాలె. పైసల గురించి ఆలోచిస్తుంటే మీ పీహెచ్‌సీల అడుగుండ్రి, షుగర్, బీపీ గోళీలు ఉచితంగనే ఇస్తరు, రక్తం తీసుకొని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపి టెస్టులు కూడా చేపిస్తరు. ఊళ్ళె ఆశా వర్కర్‌ను అడిగితే ఏ రోజు పోవాల్నో చెప్తది.

చివర్ల ఇన్సులిన్ సూది గురించి అడిగినవ్, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అంటరు నిజమేనా అని. కొందరికి జ్వరమో ఆపరేషనో ఉన్నన్ని రోజులే ఇచ్చి మళ్ళ గోళీల మీదికి తెస్తరు, కొందరికి ఉండిపోతది. సూది వల్ల కండ్లు పోవు, కిడ్నీలు పోవు, సూది వద్దని ఏండ్లు గడిపితేనే పోతయ్. ఎప్పుడన్న డాక్టర్ రాస్తే ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, మన దిక్కు బుడ్డీలల్ల చానావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది వస్తది, దానికి ఎర్ర మూత సిరంజే వాడాలె, నారింజ రంగు మూతది 100 యూనిట్లది. అవి తారుమారు అయితే డోసే మారిపోతది, ఈ తప్పు నేను చదువుకున్నోళ్ళ ఇండ్లల్ల కూడా చూసిన. ఫ్రిజ్ లేకుంటే వాడుతున్న బుడ్డీని ప్లాస్టిక్ కవర్‌ల కట్టి, ఇసుకల పెట్టి తడుపుతున్న మట్టికుండల ఉంచితే మన ఎండకాలంల కూడా జర చల్లగ ఉంటది. డీప్ ఫ్రీజర్‌ల మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన మందు పనికిరాదు.

ఈ ఆదివారం ఊరికి పోతవ్ కదా, పోయేటప్పుడు మిషన్, యాభై స్ట్రిప్పుల డబ్బ ఒకటి తీసుకపో. ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి తిండి తగ్గిస్తున్న సంగతి చెప్పు. మొదటి రోజు నాలుగు రొట్టెల లెక్క నువ్వు కూసొని చేపియ్యి, రెండు గంటలప్పుడు మిషన్ మీద అంకె ఆయననే చదవమను, నువ్వు చదివి చెప్పకు. పదిహేను రోజుల అంకెలు, ఏ రోజు ఏం తిన్నడో, పొలానికి పోయిండా లేదా, ఒకే కాగితం మీద రాసి ఫొటో తీసి ఇక్కడ్నే పెట్టు, నేను చూసి చెప్త. దాన్నే డాక్టర్‌కు కూడా చూపియ్యి, వాళ్ళకు హెచ్‌బీఏ1సీ కంటె ఆ కాగితమే ఎక్కువ పనికొస్తది.